పేరు కొత్తది, దిబ్బ పాతది

న్యూగ్రేంజ్ అంటే ‘కొత్త కమతం’ అనుకోవచ్చు. 1142లో ఐర్లండ్‌లోని మెలిఫాంట్‌లో సిస్టర్షియన్ అనే శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసులు మఠం కట్టుకున్నారు. మఠానికి తిండిగింజలు పండించే దూరపు భూముల్ని గ్రేంజ్ అనేవారు. అలాంటి ఒక భూమికి న్యూగ్రేంజ్ అని పేరు పడింది. ఆ భూమిలో రాళ్లతో, మట్టితో మనుషులు కట్టిన ఒక పెద్ద సమాధి దిబ్బ ఉండేది. దానికి అప్పటికే నాలుగు వేల ఏళ్లు దాటాయి. ఆ కమతం పేరే ఈ రోజుకీ దిబ్బకు మిగిలిపోయింది.

డబ్లిన్‌కి ఉత్తరాన ఓ 50 కిలోమీటర్ల దూరంలో బోయిన్ నది పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపులో న్యూగ్రేంజ్, నౌత్, దౌత్ అనే మూడు పెద్ద దిబ్బలు, వాటి చుట్టూ ఎన్నో చిన్న దిబ్బలు ఉన్నాయి. ఈ మొత్తం ప్రాంతాన్ని ఐరిష్ భాషలో బ్రూ నా బోన్య అంటారు. బోయిన్ ఒడ్డున ఉన్న దివాణం అని అర్థం చెప్పుకోవచ్చు. 1993లో దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

న్యూగ్రేంజ్‌ని క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టారు. అంటే గీజా పెద్ద పిరమిడ్ కంటే ఆరు వందల ఏళ్లు ముందు. కట్టినవాళ్లు సేద్యం చేసుకునే జనం. వాళ్లకు లోహం తెలియదు, చక్రం తెలియదు. దిబ్బ సుమారు 85 మీటర్ల వెడల్పు. చుట్టూ టన్నుల బరువున్న 97 రాళ్లను అంచు కట్టారు. లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి, దాని చివర ఒక గది. కింది రాయి కంటే పై రాయి కాస్త లోపలికి వచ్చేలా పేర్చుకుంటూ పోయి, ఆరు మీటర్ల ఎత్తున ఒకే రాయితో గది కప్పు మూసేశారు. సున్నం లేదు, సిమెంటు లేదు. దారి కప్పు మీది రాళ్లపై నీళ్లు పక్కకు జారిపోయేలా కాలువలు చెక్కారు. సందుల్ని కాల్చిన మట్టితో, సముద్రపు ఇసుకతో పూడ్చారు. ఐదు వేల ఏళ్లుగా ఐర్లండ్ వాన కురుస్తూనే ఉన్నా లోపల పొడిగానే ఉంది. ఆ పూడ్చిన మట్టిలో దొరికిన బొగ్గునే రేడియోకార్బన్ పరీక్షకు పంపి కట్టడం వయసు తేల్చారు. వాన కారకుండా వాళ్లు తీసుకున్న జాగ్రత్త మనకు పుట్టినరోజు ధ్రువపత్రంలా పనికొచ్చింది.

కొన్ని రాళ్ల మీద చెక్కిన బొమ్మలు దిబ్బ లోపలి వైపుకి తిరిగి ఉన్నాయి. అంటే కట్టడం పూర్తయ్యాక వాటిని ఎవరూ చూడలేరు. మరి ఎవరి కోసం చెక్కినట్టు?

1699లో అక్కడి భూస్వామి కూలీలు రాళ్ల కోసం దిబ్బను తవ్వుతుంటే దారి బయటపడింది. సరైన తవ్వకాలు మాత్రం 1962లో మొదలయ్యాయి. కార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ ఓకెల్లీ వాటిని నడిపించాడు. ద్వారం పైన చిన్న కిటికీలాంటి నిర్మాణం ఒకటి ఆయనకు కనబడింది. మనుషులకు కింద ద్వారం ఉండగా పైన ఇదెందుకు? ఏడాదిలో ఒక రోజు సూర్యుడు లోపలికి వస్తాడని చుట్టుపక్కల ఊళ్లలో ఒక మాట ఉండేది. సరే చూద్దామని 1967 డిసెంబర్ 21న తెల్లవారకముందే ఆయన గదిలో కూర్చున్నాడు. అతి చిన్న పగలు ఉండే రోజది. సూర్యుడు పొడిచిన కాసేపటికి కిటికీలోంచి సన్నటి వెలుగు దారి పొడవునా పాకి గది నేలను తాకింది.

దీని వెనకున్న లెక్క ఇది. దారి నేల లోపలికి వెళ్లేకొద్దీ రెండు మీటర్లు ఎత్తుకి వెళుతుంది. ద్వారంలోంచి వచ్చే వెలుగు ఆ ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. గది నేలతో దాదాపు సమానమైన ఎత్తులో ఉన్న పై కిటికీ నుంచి వచ్చేది మాత్రం గది దాకా చేరుతుంది. అదీ డిసెంబర్ 21కి అటూ ఇటూ కొద్ది రోజులే, రోజుకి 17 నిమిషాలే. ఇప్పుడు సూర్యోదయమైన నాలుగు నిమిషాలకు గానీ వెలుగు రావడం లేదు. తప్పు కట్టినవాళ్లది కాదు. ఈ ఐదు వేల ఏళ్లలో భూమి అక్షం వంపు కొంచెం తగ్గింది. ఆనాటి వంపుతో లెక్కవేస్తే సూర్యుడు పొడవగానే వెలుగు లోపలికి వచ్చేది. ఇప్పుడు ఆ ఉదయాల్లో లోపల కూర్చోడానికి లాటరీ తీసి కొద్దిమందినే పంపుతారు. పేరు వచ్చినా, ఆ రోజు మబ్బు పడితే అంతే సంగతులు.

బయట కనిపించే తెల్లగోడ సంగతి వేరు. ద్వారం ముందు పలుగురాళ్లు కుప్పగా పడి ఉండటం చూసి, అవి కూలిపోయిన గోడవి అయి ఉంటాయని ఓకెల్లీ నిర్ణయించాడు. వెనక కాంక్రీటు పోసి నిలువుగా మళ్లీ పేర్పించాడు. అసలవి నేల మీద పరిచినవే అని చాలామంది పురావస్తు శాస్త్రవేత్తల అనుమానం. పక్కనే నౌత్‌లో తవ్విన జార్జ్ ఓగన్ అలాంటి రాళ్లనే నేల మీద పరిచినట్టుగా వదిలేశాడు. నాకు నౌత్ పద్ధతే నచ్చింది. పోస్టుకార్డుల మీద మాత్రం తెల్లగోడదే రాజ్యం.

ఇక పేర్లు, కథలు. బోయిన్ నదికి ఆ పేరు బోవన్ అనే దేవత నుంచి వచ్చింది. దగ్గరకు పోకూడని బావి చుట్టూ ఆమె అప్రదక్షిణంగా తిరిగిందట. బావి పొంగి ఆమెను సముద్రం దాకా తరిమింది, ఆ నీళ్లే నది అయ్యాయి. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ ఈ నదిని బువిందా అని రాశాడు. తెల్లావు అని అర్థం చెబుతారు. ఇందులోని ‘బో’, సంస్కృతంలోని ‘గో’ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. గోవు, గోధూళి అనే మనకి ఆ నది పేరులో సగం తెలిసినట్టే. అయితే దిబ్బలు కట్టినవాళ్లకు ఆ మాట తెలిసే అవకాశం దాదాపు లేదు. వాళ్ల పూర్వీకులు ఇప్పటి టర్కీ వైపు నుంచి తరతరాలుగా యూరప్ మీదుగా వచ్చిన రైతులు. క్రీ.పూ. 2500 తర్వాత కొత్త జనం వచ్చి, ఐర్లండ్ జన్యువుల్లో ఎక్కువ భాగాన్ని మార్చేశారు. ఆ పాత భాష ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మధ్యయుగపు రాతప్రతుల్లో దౌత్ గురించి ఒక కథ ఉంది. ఒక రాజు ఒక్క రోజులో ఆకాశాన్నంటే కట్టడం కట్టాలనుకుంటాడు. అతని చెల్లెలు మంత్రంతో సూర్యుణ్ని ఆపుతుంది. రాజు ఆమెతో కూడతాడు, మంత్రం తప్పుతుంది, చీకటి పడుతుంది. 2020లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు న్యూగ్రేంజ్ గదిలో దొరికిన ఒక పురుషుడి పుర్రె ఎముక నుంచి డీఎన్ఏ తీశారు. అతని తల్లిదండ్రులు తోబుట్టువులో, లేదా వాళ్లలో ఒకరు మరొకరి కన్నబిడ్డో అని తేలింది. రాజవంశాల్లో అలాంటి పెళ్లిళ్లు ఉండేవి కాబట్టి ఇక్కడా దేవుడిలాంటి రాజులు ఉండి ఉంటారని, ఆ జ్ఞాపకమే కథలో మిగిలిందేమోనని వాళ్లు అన్నారు. ఒక్క ఎముకతో రాజ్యాన్నే నిలబెడతారా అని 2025లో మరికొందరు ఎదురు అడిగారు. జనం, భాష రెండూ మారిపోయాక ఒక కథ నాలుగు వేల ఏళ్లు నోటి మీద నిలవడం నాకూ నమ్మబుద్ధి కాదు. దౌత్ అన్న పేరుకే పాత ఐరిష్‌లో చీకటి అని అర్థం. ఆ పేరు చాలు కథ అల్లడానికి.

అంతా అయిపోయిందనుకుంటే 2018 జులైలో ఎండలు మండాయి. ఇద్దరు ఔత్సాహికులు డ్రోన్ ఎగరేసి చూస్తే, న్యూగ్రేంజ్ దిబ్బకి కాస్త దూరంలో పంటచేలో పెద్ద వలయం కనబడింది. వేల ఏళ్ల కింద తవ్వి, తర్వాత పూడిపోయిన గుంతల్లో మట్టి తేమను పట్టి ఉంచుతుంది. చుట్టూ పైరు ఎండుతున్నా వాటి మీది మొక్కలు పచ్చగా నిలుస్తాయి. నేల మీద నడిచేవాడికి ఏమీ తెలియదు, పైనుంచి చూస్తే ముగ్గు వేసినట్టు ఉంటుంది. కొన్నాళ్లకు వానలు పడ్డాయి, కోతలయ్యాయి, వలయం మళ్లీ కనబడకుండా పోయింది.