మెయిన్‌కి ముందు: పీఐఈ స్టార్టప్ కోడ్‌పై అపోహలు, వాస్తవాలు

మెయిన్ ఫంక్షన్‌కి ముందు నడిచే స్టార్టప్ కోడ్‌ను సొంతంగా రాసేవాళ్లు పీఐఈ (ఏ చిరునామాలో లోడ్ చేసినా నడిచే ఎగ్జిక్యూటబుల్) దగ్గరికొచ్చేసరికి చాలావరకు ఒకే రకమైన నమ్మకాల వల్ల ఆగిపోతారు. నాకు తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: కంపైలర్‌కి పీఐఈ ఫ్లాగ్ ఇస్తే చాలు.

ఆ ఫ్లాగ్ పనిచేసేది సీ కోడ్ మీదే. మీరు చేత్తో రాసిన అసెంబ్లీని అది ముట్టుకోదు. ఎక్స్86-64లో మెయిన్ చిరునామాను 32 బిట్ల స్థిరసంఖ్యగా రిజిస్టర్‌లో పెడితే పాత తరహా ఎగ్జిక్యూటబుల్‌లో నడుస్తుంది, ఎందుకంటే అది మామూలుగా హెక్స్ 400000 దగ్గరే లోడ్ అవుతుంది. పీఐఈగా లింక్ చేస్తే లింకర్ రీలొకేషన్ (లోడైన చోటును బట్టి చిరునామాను సరిచేయడం) ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఆ ఎర్రర్ మన మేలుకే. చిరునామాను ఆర్‌ఐపీ (తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ చిరునామా ఉండే రిజిస్టర్) నుంచి ఎంత దూరమో చూసి లెక్కించాలి. ఏఆర్క్64 (64 బిట్ల ఆర్మ్)లో అయితే ఏడీఆర్‌పీ, యాడ్ ఇన్‌స్ట్రక్షన్ల జంట వాడాలి. 32 బిట్ల ఎక్స్86లో ఆ వీలు లేదు కాబట్టి ఒక కాల్ చేసి, రిటర్న్ అడ్రస్‌ను స్టాక్ నుంచి తీసుకోవాలి.

అపోహ: స్టాటిక్‌గా లింక్ చేస్తే రీలొకేషన్ల గొడవే ఉండదు.

అసలు కష్టమంతా ఇక్కడే. జీసీసీ 8 (2018) నుంచి స్టాటిక్ పీఐఈకి నేరుగా ఆప్షన్ ఉంది. అలా కట్టిన ఫైల్‌ను కెర్నల్ ఏదో ఒక చిరునామాలో మ్యాప్ చేసి, సూటిగా మీ ఎంట్రీ పాయింట్‌కి దూకుతుంది. సాయానికి డైనమిక్ లింకర్ రాదు. గ్లోబల్ పాయింటర్లకు రావాల్సిన విలువలు ఇంకా సున్నా నుంచి లెక్కించినవే. వాటిని ప్రోగ్రామ్ తనే సరిచేసుకోవాలి. ప్రతి రెలెటివ్ రీలొకేషన్‌కీ బేస్‌కి (ఫైల్ లోడైన చిరునామాకి) అడెండ్ (ఆ రీలొకేషన్‌కి ఇచ్చిన సంఖ్య) కలిపి, చెప్పిన చోట రాయాలి.

లూప్ చిన్నదే. కానీ ఆ లూప్ నడిచేటప్పుడు ఇంకా సరికానిదేదీ వాడకూడదు. ఫంక్షన్ పాయింటర్ల పట్టికలు పనికిరావు. గాట్ (గ్లోబల్ చిరునామాల పట్టిక) ద్వారా చదివే వేరియబుల్స్ కూడా అంతే, కాబట్టి విజిబిలిటీ హిడెన్‌గా పెట్టండి. స్టాక్ ప్రొటెక్టర్ తీసేయండి: ఎక్స్86లో అది కానరీని (స్టాక్ చెడిందేమో చూసే రహస్య విలువను) టీఎల్‌ఎస్ (ప్రతి థ్రెడ్‌కీ ఉండే సొంత మెమరీ) నుంచి చదువుతుంది, టీఎల్‌ఎస్ ఇంకా పుట్టనే లేదు. లూప్‌ను కంపైలర్ మెమ్‌సెట్ పిలుపుగా మార్చేయడం మరో ప్రమాదం. గ్లిబ్‌సీలో (లైనక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీలో) ఆ ఫంక్షన్ ఐఫంక్ (ఏ రూపం వాడాలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేలే ఫంక్షన్), దాని రీలొకేషన్ అప్పటికి పూర్తయి ఉండదు. ఒక్కోసారి లింకర్ గాట్ లోడ్‌ను నేరు లెక్కగా మార్చేసి తప్పుడు కోడ్‌ను కూడా నడిపించేస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఇదంతా శుభ్రంగా ఎలా రాస్తారో చూడాలంటే మసల్ అనే సీ లైబ్రరీలోని డీఎల్‌స్టార్ట్ ఫైల్ చదవండి. అంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

అపోహ: బేస్ అడ్రస్ ఆక్సిలరీ వెక్టర్‌లోని (కెర్నల్ ప్రోగ్రామ్‌కి స్టాక్ మీద ఇచ్చే వివరాల పట్టికలోని) ఏటీ బేస్‌లో ఉంటుంది.

అది ఇంటర్‌ప్రిటర్ (అంటే డైనమిక్ లింకర్) బేస్. ఇంటర్‌ప్రిటర్ లేకపోతే అక్కడ సున్నా ఉంటుంది. ఏటీ పీహెచ్‌డీఆర్ నుంచి ప్రోగ్రామ్ హెడర్లు చదివి, డైనమిక్ సెగ్మెంట్‌కి రాసి ఉన్న చిరునామాను దాని అసలు చిరునామాలోంచి తీసేయండి.

అపోహ: జీడీబీ డీబగ్గర్‌లో నడిచిందంటే కోడ్ సరైనదే.

లైనక్స్‌లో జీడీబీ మామూలుగా ఏఎస్‌ఎల్‌ఆర్‌ను (లోడ్ చిరునామాను ప్రతిసారీ మార్చడాన్ని) ఆపేస్తుంది. బయట కూడా పదేపదే నడిపి చూడండి.

అపోహ: రేలా (అడెండ్లతో కూడిన రీలొకేషన్ల) పట్టిక ఒక్కటి చదివితే పని అయిపోతుంది.

కుదించిన రెలెటివ్ రీలొకేషన్లకు రెల్‌ర్ అనే వేరే పట్టిక ఉంది. గ్లిబ్‌సీ దాన్ని 2.36 (2022) నుంచి అర్థం చేసుకుంటుంది. రెల్‌ర్ వాడే ఆప్షన్‌తో లింక్ చేస్తే చాలా పాయింటర్లు రేలాలో కనిపించనే కనిపించవు. రీడెల్ఫ్ టూల్‌తో డైనమిక్ విభాగంలో ఏ ట్యాగులున్నాయో చూశాకే లూప్ రాయండి.