ఆ 28 ఎకరాల పార్కింగ్ లాట్ కింద ఏముందంటే

అమెరికాలో పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి, 1976 నుంచీ ఉంది, పక్క రాష్ట్రాల నుంచి కూడా కార్లేసుకుని వచ్చేస్తారు. అదే ఊళ్లో డౌన్‌టౌన్‌ని ఆనుకుని హిల్ డిస్ట్రిక్ట్ అని ఒక నల్లజాతి పేట ఉంది, దాని కింది భాగం, అంటే లోయర్ హిల్‌లో ఖాళీగా పడున్న స్థలం మీద గొడవ మళ్లీ మొదలైంది. ఎవరు కట్టాలి, ఎవరి కోసం కట్టాలి, ఇన్నేళ్లు ఎందుకు పట్టింది అని. అందరూ ఆ స్థలం మీద హక్కులు దక్కించుకున్న పెంగ్విన్స్ హాకీ టీమ్ నుంచి కథ మొదలెడుతున్నారు, నాకైతే అది సగం కథే అనిపిస్తుంది.

ఆ పేటలోని వైలీ అవెన్యూ జాజ్ క్లబ్బులు, నల్లవాళ్ల పిట్స్‌బర్గ్ కొరియర్ పేపరు, అక్కడే పుట్టిన ఆగస్ట్ విల్సన్ నాటకాలు, ఇవన్నీ బోలెడుమంది రాశారు, వదిలేస్తున్నా. అసలు విషయం 1943లో ఉంది. జార్జ్ ఎవాన్స్ అని సిటీ కౌన్సిల్ మెంబరు ఒక వ్యాసం రాశాడు, హిల్‌లో నూటికి 90 బిల్డింగులు పనికిరానివే, మొత్తం కూల్చేసినా సమాజానికి పోయేదేమీ లేదు అని. పోయేదేమీ లేదు అన్న ఆ ఒక్క మాటే తర్వాత జరిగిన ప్రతిదానికీ పునాది.

సిటీ వాదన కూడా చెప్పాలి కదా, చాలా ఇళ్లు నిజంగానే పాడుబడ్డాయి, లోపల బాత్రూమ్ లేనివి కూడా ఉన్నాయి, కూల్చడానికి ఫెడరల్ డబ్బులు దొరుకుతున్నాయి. సరే, ఒప్పుకుందాం. కానీ పాత ఇల్లు బాగుచెయ్యడం వేరు, మనుషుల్నే ఖాళీ చేయించడం వేరు. 1956లో కూల్చివేత మొదలైంది, 95 ఎకరాలు, 1,300 బిల్డింగులు, 400 పైచిలుకు షాపులూ వ్యాపారాలూ, 8 వేల మంది నిర్వాసితులు, అందులో ఎక్కువమంది నల్లవాళ్లే.

ఇక్కడ చర్చి దగ్గర కాసేపు ఆగాలి. బెతెల్ ఏఎంఈ అని 1808లో మొదలైన నల్లజాతి క్రైస్తవ సంఘం వాళ్లది, 1906లో కట్టుకున్న పెద్ద చర్చి, దాదాపు 3 వేల మంది సభ్యులు. అంత పెద్ద చర్చిని పాడుబడ్డ కొంప అని ఎవరంటారు? 1957లో దాన్నీ పడగొట్టారు, చేతిలో 2 లక్షల 40 వేల డాలర్లు పెట్టారు, అంత స్థలం, అంత బిల్డింగు మళ్లీ సంపాదించుకోడానికి ఆ డబ్బు ఏమూలకీ రాలేదన్నది వాళ్ల మాట. అదే చోట ఎపిఫనీ అనే క్యాథలిక్ చర్చిని మాత్రం ముట్టుకోలేదు. ఇటాలియన్ల సెయింట్ పీటర్స్ చర్చి కూడా పోయింది, అది నిజమే, అందుకని ఇదంతా రంగు చూసే చేశారా అంటే ఒక్క ముక్కలో తేల్చలేం, కానీ బెతెల్ వాళ్లు అరవై ఏళ్లకి పైగా ఈ లెక్క మర్చిపోలేదంటే ఆశ్చర్యమేముంది.

మరి అంతా కూల్చి ఏం కట్టారయ్యా అంటే సివిక్ అరీనా అనే పెద్ద ఇండోర్ స్టేడియం, 1961లో తెరిచారు, పైకప్పు తెరుచుకునే స్టీల్ డోమ్, ఒపెరా కోసం. లోపల సౌండ్ బాలేదని ఒపెరావాళ్లు కొన్నేళ్లకే వెళ్లిపోయారు, 1967 నుంచి పెంగ్విన్స్ అక్కడ హాకీ ఆడారు. చుట్టూ పార్కింగ్. కూల్చివేత ఇంకా పైకి పాకుతుందేమోనని జనం క్రాఫర్డ్ స్ట్రీట్, సెంటర్ అవెన్యూ మూల మీద పెద్ద బోర్డు పెట్టారు, ఇది దాటి రావద్దు, లోయర్ హిల్‌లో పేదలకి ఇళ్లు కావాలి అని. ఆ మూలనే ఇప్పుడు ఫ్రీడమ్ కార్నర్ అంటారు.

ఇప్పటి గొడవకి వస్తే, 2007లో కొత్త అరీనా ఒప్పందంలో భాగంగా పాత అరీనా చుట్టూ ఉన్న 28 ఎకరాల డెవలప్‌మెంట్ హక్కులు పెంగ్విన్స్‌కి వెళ్లాయి. మరుసటేడు పేటవాళ్లు సంఘాలన్నీ ఒక్కటై పోరాడితే ఒక ఒప్పందం రాసిచ్చారు, అందులో సూపర్ మార్కెట్‌కి డబ్బు కూడా ఉంది, ఎందుకంటే ఆ పేటలో దాదాపు 30 ఏళ్లు ఒక్క పెద్ద కిరాణా కూడా లేదు, పాలూ కూరగాయలకి బస్సెక్కి పోవాల్సిందే. ఆ సూపర్ మార్కెట్ 2013లో వచ్చింది, 2019లో మూతపడింది. పాత అరీనాని 2011, 2012లో పడగొట్టాక ఆ జాగా ఏళ్ల తరబడి పార్కింగ్ లాటే, ఆ పార్కింగ్ డబ్బులు కూడా టీమ్‌కే. హైవే మీద మూతలా కట్టిన 3 ఎకరాల పార్కు 2021లో వచ్చింది, బ్యాంకు వాళ్ల 26 అంతస్తుల టవర్ 2024లో. పెంగ్విన్స్ వైపు నుంచి మార్కెట్ బాలేదు, కోవిడ్, వడ్డీలు అని కారణాలుంటాయి, కాదనను, కానీ 1956 నుంచి ఎదురుచూస్తున్నవాళ్లకి వడ్డీ రేట్ల కథ చెబితే ఎలా ఉంటుంది?

2023లో పెంగ్విన్స్ బెతెల్ సంఘంతో ఒప్పందం చేసుకుంది, వాళ్ల పాత చర్చికి దగ్గర్లో ఎకరంన్నర ఇస్తామని. ఇళ్లు కడతామని సంఘం ప్లాన్. 95లో ఎకరంన్నర. ఇక ఎపిఫనీ చర్చి ఇప్పటికీ అక్కడే ఉంది, కొత్త అరీనా పక్కనే, మ్యాచ్ ఉన్న రోజు జెర్సీలేసుకుని వచ్చే జనమంతా దాని ముందు నుంచే నడిచి వెళ్తారు.