పదిహేడేళ్లకే కిరీటం: అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్ విజేతలు తర్వాత ఏమయ్యారు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డబ్బు కోసం ఆడే జట్ల లీగు ఎన్‌ఎఫ్‌ఎల్. ఆ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు 2025 ఏప్రిల్‌లో జరిగినప్పుడు క్విన్ యూయర్స్ తన పేరు వినడానికి మూడో రోజు దాకా ఎదురు చూడవలసి వచ్చింది. మయామీ డాల్ఫిన్స్ జట్టు అతన్ని ఏడో రౌండులో, మొత్తం మీద 231వ ఆటగాడిగా తీసుకుంది. నాలుగేళ్ల కిందట టెక్సాస్‌లోని సౌత్‌లేక్ క్యారల్ హైస్కూల్లో చదువుతున్నప్పుడు, కాలేజీ జట్ల కోసం విద్యార్థులను తూచే సంస్థలు ఇదే కుర్రవాడికి అతి అరుదుగా ఇచ్చే నూటికి నూరు మార్కులు వేశాయి. పదిహేడేళ్ల వయసులో వేసిన అంచనాకూ ఇరవై రెండేళ్లప్పుడు బజారు కట్టిన ధరకూ మధ్య ఇంత దూరం ఎలా వచ్చిందన్న ప్రశ్న యూయర్స్‌తో పుట్టింది కాదు. దానికి డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

ఇక్కడ చెబుతున్నది మన దగ్గర కాలితో ఆడే ఫుట్‌బాల్ గురించి కాదు. కోలగా ఉండే బంతిని విసురుతూ, చంకన పెట్టుకుని పరుగెత్తుతూ, హెల్మెట్లతో ఢీకొంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. ఆ దేశంలో ఏటా సుమారు పది లక్షల మంది హైస్కూల్ విద్యార్థులు ఈ ఆట ఆడతారు, వారిలో కాలేజీ జట్లలో చోటు దొరికేది నూటికి ఏడుగురికి, ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లన్నీ కలిసి డ్రాఫ్టులో ఎంచుకునేది ఏడాదికి రెండు వందల యాభై మందికి అటూ ఇటూగా. ఇంత పెద్ద గుంపులోంచి కొందరిని ముందే వేరు చేసి చూపే పని పత్రికలు, కంపెనీలు తలకెత్తుకున్నాయి. పరేడ్ పత్రిక 1963లో అఖిల అమెరికా హైస్కూల్ జట్టును ప్రకటించడం మొదలుపెట్టింది, 1982లో యూఎస్ఏ టుడే దినపత్రిక తన జాబితాతో వచ్చింది, 1985లో పానీయాల కంపెనీ గేటరేడ్ అవార్డు చేరింది. వీటికి తోడు అనేక రాష్ట్రాలు ‘మిస్టర్ ఫుట్‌బాల్’ అనే బిరుదు ఇస్తాయి.

అయితే ఈ కథకు మొదటి నాయకుడు ఈ అవార్డులేవీ లేని కాలపు వాడు. షుగర్ ల్యాండ్ పేరు ఇవాళ హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బాగా తెలిసినదే కానీ, 1950ల్లో అది ఇంపీరియల్ షుగర్ కంపెనీ నీడలో బతికే చిన్న ఊరు. ఆ ఊరి బడి తరఫున కెన్ హాల్ 1950 నుంచి 1953 వరకు బంతి పట్టుకుని పరుగెత్తిన దూరం 11,232 గజాలు. 1953 అక్టోబరులో ఒక్క మ్యాచ్‌లోనే 520 గజాలు పరుగెత్తాడు. ఆ ఒక్క ఏడాదిలో అతని మొత్తం నాలుగు వేల గజాలు దాటింది. అతని నాలుగేళ్ల రికార్డును ఫ్లోరిడాలోని యూలీ అనే ఊరికి చెందిన డెరిక్ హెన్రీ 2012లో దాటేదాకా, అంటే 59 ఏళ్ల పాటు, ఎవరూ తాకలేకపోయారు.

ఇంతటి వాడు టెక్సాస్ ఏ అండ్ ఎమ్ కాలేజీకి వెళ్లేసరికి అక్కడికి బేర్ బ్రయంట్ అనే కొత్త కోచ్ వచ్చి ఉన్నాడు. దెబ్బలు తినడంలోనూ కొట్టడంలోనూ మొండితనాన్ని కొలిచే మనిషి అతను. హాల్‌లోని వేగం అతనికి ఆనలేదు. ఎదుటివాడిని అడ్డుకునే పనిలో పెట్టాడు, ఆ పనిలో హాల్ రాణించలేదు. కొంతకాలానికి హాల్ కాలేజీ వదిలేశాడు, కెనడాలోనూ హ్యూస్టన్ ఆయిలర్స్ జట్టులోనూ కొద్దికాలం ఆడాడు, అంతటితో ఆట ముగిసింది. హాల్ విషయంలో తప్పు తనదేనని బ్రయంట్ తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు. మలివయసులో హాల్ టెక్సాస్ కొండ ప్రాంతంలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో బార్బెక్యూ హోటలు నడిపాడు. అప్పటికే దేశంలోని మేటి హైస్కూల్ ఆటగాడికి ఇచ్చే ఒక ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. పై మెట్టు ఎక్కలేకపోయిన మనిషి పేరుతో పై మెట్టు ఎక్కబోయేవారికి బహుమతి ఇవ్వడంలోని విడ్డూరం నిర్వాహకులకు తట్టిందో లేదో కానీ, నా దృష్టిలో ఆ పేరు పెట్టడమే ఈ అవార్డుల గురించి జరిగిన అతి నిజాయితీ గల పని.

1992 సీజన్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ, ఎందుకంటే ఆ ఏడాది రెండు సంస్థలు ఇద్దరు వేర్వేరు క్వార్టర్‌బ్యాక్‌లను (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాళ్లను) దేశంలో మొదటివాడిగా నిలబెట్టాయి. గేటరేడ్ అవార్డు న్యూ ఆర్లియన్స్‌లోని ఇసిడోర్ న్యూమన్ బడికి చెందిన పేటన్ మానింగ్‌కు వచ్చింది, యూఎస్ఏ టుడే గౌరవం పెన్సిల్వేనియాలోని బెర్విక్‌కు చెందిన రాన్ పౌలస్‌కు దక్కింది. పౌలస్ నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో చేరగానే, కాలేజీ ఆటలో అతి పెద్ద గౌరవమైన హైస్మన్ ట్రోఫీని అతను రెండుసార్లు గెలుస్తాడని వ్యాఖ్యాత బీనో కుక్ జోస్యం చెప్పాడు. మొదటి సీజన్ మొదలయ్యేలోపే పౌలస్ కంఠం దగ్గరి ఎముక విరిగింది. 1998 డ్రాఫ్టులో మానింగ్ మొట్టమొదటి ఆటగాడిగా వెళ్తే పౌలస్‌ను ఏ జట్టూ ఎంచుకోలేదు. అయినా పౌలస్ చెడిపోయాడని చెప్పడం అన్యాయం; అతను అదే విశ్వవిద్యాలయానికి తిరిగివచ్చి కోచ్‌గానూ పాలనా సిబ్బందిలోనూ పనిచేశాడు. హైస్మన్ మానింగ్‌కూ రాలేదు. 1997లో దాన్ని తీసుకుపోయింది 1994 ఒహాయో మిస్టర్ ఫుట్‌బాల్ చార్లెస్ వుడ్‌సన్. మానింగ్, వుడ్‌సన్ ఇద్దరూ 2021లో ఒకే విడతలో, ఈ ఆటలో మహామహులకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టారు.

ఆటే చదువై, చదువు పక్కకు పోయిన ఇళ్లు కూడా ఉన్నాయి. 1987లో జాతీయ గౌరవాలు పొందిన కాలిఫోర్నియా క్వార్టర్‌బ్యాక్ టాడ్ మారినోవిచ్‌ను తండ్రి పుట్టినప్పటి నుంచే ఆటగాడిగా తీర్చిదిద్దాడు. తోటి పిల్లల పుట్టినరోజులకు పోయినా తన తిండి తాను పట్టుకెళ్లేవాడని అప్పట్లో పత్రికలు మురిసిపోతూ రాశాయి. 1991లో అతను రైడర్స్ జట్టుకు మొదటి రౌండులోనే ఎంపికయ్యాడు, రెండు సీజన్లలో మాదకద్రవ్యాల పాలై ఆటకు దూరమయ్యాడు, చాలా ఏళ్ల తర్వాత చిత్రకారుడిగా బతుకు కూడదీసుకున్నాడు.

మారిస్ క్లారెట్ కథలో మాత్రం ఇంటికంటే నిబంధనల పాత్ర పెద్దది. ఒహాయోలోని వారెన్ పట్టణానికి చెందిన ఇతనికి 2001లో రాష్ట్ర మిస్టర్ ఫుట్‌బాల్ బిరుదు, యూఎస్ఏ టుడే గౌరవం రెండూ వచ్చాయి. మరుసటి ఏడాది ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున తొలి సీజన్లోనే 1,237 గజాలు పరుగెత్తాడు. 2003 జనవరి 3న మయామీ విశ్వవిద్యాలయం జట్టుతో జరిగిన జాతీయ ఫైనల్లో, రెండో అదనపు సమయంలో విజయాన్నిచ్చిన టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు తేవడం) అతనిదే. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు. స్టేడియం నిండా డబ్బు, అతని చేతికి జీతం అంటూ పైసా లేదు; కాలేజీ ఆటగాళ్లు డబ్బు తీసుకోకూడదన్నది అప్పటి కట్టుబాటు. అనుచిత ప్రయోజనాలు పొందాడనీ, అబద్ధాలు చెప్పాడనీ తర్వాతి సీజన్ మొత్తానికి సస్పెండ్ చేశారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోదామంటే హైస్కూల్ దాటి మూడేళ్లు నిండాలన్న నిబంధన అడ్డం. అతను కోర్టుకెక్కాడు. 2004 ఫిబ్రవరిలో జడ్జి షైరా షైండ్లిన్ అతని వైపు తీర్పు ఇచ్చింది, మే నెలలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన సోనియా సోటోమేయర్ ఐదేళ్లకు సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది.

ఆట లేకుండా రెండేళ్లు గడిచాక, 2005లో డెన్వర్ బ్రాంకోస్ మూడో రౌండులో తీసుకుని సీజన్ మొదలుకాకముందే వదిలించుకుంది. 2006 ఆగస్టులో కొలంబస్ పోలీసులు అతని కారు ఆపితే తుపాకులు, ఒంటి మీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ దొరికాయి. ఏడున్నరేళ్ల శిక్ష పడింది, మూడున్నరేళ్లు జైల్లో ఉన్నాడు. జైల్లో ఇంటర్నెట్ లేదు కాబట్టి ఫోను దగ్గర నిలబడి తన ఆలోచనలను ఒక్కొక్క వాక్యమే చెబుతుంటే, అవతల స్నేహితురాలు టైపు చేసి బయటపెట్టేది. 2010లో విడుదలయ్యాక మళ్లీ కొంచెం ఆడాడు, ఆ తర్వాత యంగ్స్‌టౌన్‌లో మానసిక ఆరోగ్యం, వ్యసనాల చికిత్స అందించే సంస్థను స్థాపించాడు.

తప్పించుకున్నవాళ్లూ లేకపోలేదు. మిన్నెసోటాకు చెందిన జో మావర్ 2000లో యూఎస్ఏ టుడే మేటి ఫుట్‌బాల్ ఆటగాడు, మరుసటి ఏడాది అదే పత్రిక ప్రకటించిన మేటి బేస్‌బాల్ ఆటగాడు కూడా. ఫ్లోరిడా స్టేట్ ఫుట్‌బాల్ జట్టులో చేరతానని మాటిచ్చి కూడా, బేస్‌బాల్ డ్రాఫ్టులో మొదటివాడిగా ఎంపిక కావడంతో అటు మళ్లాడు, 2024లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. తలకు దెబ్బలు తగిలే ఆటను వదిలినా, 2013లో బంతి ముసుగుకు తగిలి మెదడు కదలడంతో బ్యాట్స్‌మన్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ స్థానం వదులుకోవలసి వచ్చింది. 1986లో హైస్కూల్ అవార్డు గెలిచిన ఎమిట్ స్మిత్ ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అత్యధికంగా 18,355 గజాలు పరుగెత్తిన కాలంలోనే, తల్లికిచ్చిన మాట కోసం 1996లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం డిగ్రీ పూర్తి చేశాడు.

తల దెబ్బల లెక్క ఆలస్యంగా బయటపడింది. బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో దానంగా వచ్చిన 202 మంది ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించి 177 మందిలో తలకు పదేపదే దెబ్బలు తగలడంతో ముడిపడిన, సీటీఈ అనే మెదడు క్షీణతను గుర్తించారు. హైస్కూలుతోనే ఆట ఆపేసిన పద్నాలుగురిలోనూ ముగ్గురికి అది ఉంది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కనుక ఆ నిష్పత్తిని ఆటగాళ్లందరికీ అంటగట్టకూడదు. ఆటతో పాటు చదువునూ శీలాన్నీ చూసే గేటరేడ్ అవార్డును కనెక్టికట్ రాష్ట్రంలో అందుకున్న ఆరన్ హెర్నాండెజ్ 2015లో హత్య కేసులో దోషిగా తేలాడు, 2017లో జైల్లో ప్రాణం తీసుకున్నాడు. ఇరవై ఏడేళ్ల అతని మెదడులో సీటీఈ బాగా ముదిరి కనిపించింది.

క్లారెట్‌ను సస్పెండ్ చేయడానికి కారణమైన కట్టుబాటు 2021 జూలై 1న సడలింది. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు కానీ టెక్సాస్ హైస్కూళ్లలో అప్పటికి ఆ వీలు లేదు. అందుకే యూయర్స్ హైస్కూల్ చివరి ఏడాదిని వదులుకుని ముందుగానే ఒహాయో స్టేట్‌కు వెళ్లాడు. క్లారెట్‌కు పైసా దక్కని అదే కాలేజీలో అతను ఆ సీజన్ మొత్తానికి మైదానంలో ఆడింది రెండే రెండు ఎత్తులు. రెండింటిలోనూ చేసిన పని బంతిని పక్కవాడి చేతిలో పెట్టడమే.