బొమ్మ కిటికీల ఊరి నుంచి

కమోల్యి, సెప్టెంబరు నెల

చిరంజీవులైన మనవళ్లకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో మీరందరూ ఒకేసారి వెనిస్ చూశావా, పీసా గోపురం చూశావా అని అడిగినప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ రెండూ నేను చూడలేదు. మీ అత్తకు నాలుగు రోజులు సెలవు దొరికితే మిలాన్‌లో రైలెక్కించి, జెనోవా దాటాక వచ్చే ఒక చిన్న ఊరికి నన్ను తీసుకువచ్చింది. కాకినాడ రేవులో ముప్పై ఏళ్లు ఓడల సరుకు లెక్కలు రాసిన మనిషిని ఎక్కడికి తీసుకువెళ్లాలో దానికి బాగా తెలుసు. ఫోనులో చెబితే సగం విని సగం ఆటల్లో పడిపోతారు కనుక, తీరిగ్గా కాగితం మీద పెడుతున్నాను.

ఊరి పేరు కమోల్యి. ఇటాలియన్ రాతలో ఆ పేరు నడుమ ‘జి’ అక్షరం కనిపిస్తుంది కాని పలకదు. ‘ల’ కింద ‘య’ ఒత్తు పెట్టి అంటే సరిపోతుంది. నేను టికెట్టు కిటికీ దగ్గర ‘కమోగ్లి’ అని మూడుసార్లు అంటే, పాపం ఆ అమ్మాయి మూడుసార్లూ ఓపికగా విన్నది. ఇటలీ పటంలో వాయవ్య మూలన విల్లులా వంగిన తీరం ఒకటి కనిపిస్తుంది. అది లిగూరియా. ఆ వంపు మధ్యలో జెనోవా మహానగరం ఉంది. అక్కడి నుంచి తూర్పుగా ఇరవై పైచిలుకు కిలోమీటర్లు వస్తే, కొండకూ సముద్రానికీ మధ్యనున్న సన్నని అంచు మీద ఐదు వేల మంది ఉండే ఈ ఊరు వస్తుంది. కొండకు అవతలి పక్కన పోర్టోఫినో అనే పేరుమోసిన ఊరు ఉంది. దూరదేశపు యాత్రికులు చాలామంది అక్కడికే పరుగెడతారు కనుక, ఇవతలి పక్కన, ముఖ్యంగా సెప్టెంబరు చివరి రోజుల్లో, మాకు కావలసినంత నిశ్శబ్దం దొరికింది. మీరు ఎప్పుడైనా వస్తే ఒకటి గుర్తు పెట్టుకోండి: ఇక్కడి పాసింజరు రైలుకు కాగితం టికెట్టు కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీదున్న చిన్న యంత్రంలో దానికి ముద్ర వేయించుకోవాలి. టికెట్టు చేతిలో ఉన్నా, ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు.

స్టేషను నుంచి మెట్లు దిగి సముద్రపు ఒడ్డుకు చేరగానే మొదట కనిపించేవి ఇళ్లు. ఆరేడు అంతస్తుల ఎత్తున, ఒకదానినొకటి ఆనుకుని, గోధుమ రంగు, గులాబి, ఇటుక ఎరుపు పూసుకుని, ఆకుపచ్చ కిటికీ రెక్కలతో వరుసగా నిలబడి ఉంటాయి. కిటికీల చుట్టూ రాతి చెక్కడాలు, అడుగున చిన్న స్తంభాలు కనిపిస్తాయి. నేను బల్ల మీద కూర్చుని ఆ చెక్కడపు పనిని చాలాసేపు మెచ్చుకున్నాను. ఎండ వాలిన కొద్దీ మిగతా నీడలన్నీ జరిగాయి కాని, ఒక కిటికీ కింది నీడ మాత్రం జరగలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ రాయీ లేదు, కిటికీ కూడా లేదు. చదునైన గోడ మీద రంగుతో వేసిన బొమ్మ! ఈ తీరమంతటా ఇదొక పాత విద్య. రాయి చెక్కించడం కంటే రంగు వేయించడం చవక, పైగా కిటికీ లేనిచోట కూడా కిటికీ ఉన్నట్లు వేస్తే గోడ వరుస కుదురుగా కనిపిస్తుంది. సముద్రం మీద నుంచి తిరిగివచ్చే నావికుడు తన ఇల్లు దూరం నుంచే గుర్తుపట్టడానికి ఇన్ని రంగులు వేశారని ఊరివాళ్లు చెబుతారు. ఊరి పేరుకు ‘భార్యల ఇల్లు’ అని అర్థం చెప్పే కథ కూడా ఒకటుంది. మగవాళ్లందరూ ఓడల మీద వెళ్లిపోతే ఊళ్లో మిగిలేది ఆడవాళ్లే కదా అని దాని భావం. పేర్లకు తరవాత అల్లిన ఇలాంటి కథలు మన ఊళ్లకూ చాలా ఉన్నాయి కనుక దాన్ని నేను పూర్తిగా నమ్మను కాని, మగవాళ్లు వెళ్లిపోయేవారన్న మాట మాత్రం నిజం.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ చిన్న ఊరికి వందల తెరచాప ఓడలు ఉండేవి. ‘వెయ్యి తెల్ల ఓడల ఊరు’ అన్నది వీరి బిరుదు. వెయ్యి అన్నది గొప్పకు చెప్పుకున్నా, ఇంత ఇరుకు రేవు చూసిన తరవాత వందలన్నా నాకు ఆశ్చర్యంగానే ఉంది. అన్ని ఓడలకు డబ్బు ఎక్కడిది అన్నది నా వంటి గుమాస్తాకు మొదట పుట్టే సందేహం. జవాబు వింటే మీకు నవ్వొస్తుంది. ఇటలీలో ఓడ యాజమాన్యాన్ని 24 భాగాలు చేస్తారు, ఆ భాగాన్ని కారట్ అంటారు. మనం బంగారానికి చెప్పుకునే కారట్టే. అంత డబ్బు ఒక్కడి దగ్గర లేకపోయినా, ఒకరు రెండు కారట్లు, ఒకరు ఒక కారట్, మరొకరు అందులో సగం కొనుక్కుంటే ఓడ నీళ్లలోకి దిగుతుంది. లాభం వస్తే కారట్ల లెక్కన పంచుకుంటారు.

మరి ఓడ మునిగితే? దానికి 1853లో ఇక్కడి ఓడల యజమానులు తమలో తామే ఒక బీమా సంఘం పెట్టుకున్నారు. పెద్ద నగరపు బీమా కంపెనీకి రుసుము కట్టడానికి బదులు, ఎవరి ఓడకు నష్టం వచ్చినా సంఘంలోని వాళ్లందరూ తమ తమ ఓడల విలువను బట్టి తలా కొంత భరించాలి. లెక్క మీకు అర్థం కావాలంటే ఇలా అనుకోండి: సమాన విలువ గల నూరు ఓడలున్నాయి, అందులో ఒకటి మునిగింది. ఆ ఒక్క కుటుంబం వీధిన పడకుండా, నూరు కుటుంబాలూ ఓడ విలువలో నూరో వంతు చొప్పున ఇచ్చుకుంటాయి. ఇందులో ఇంకొక మేలు కూడా ఉంది. పక్కవాడి ఓడకు చిల్లు పడితే నా జేబుకూ చిల్లే కనుక, అతని ఓడ సరిగా ఉందా లేదా అని నేనూ ఒక కన్నేసి ఉంచుతాను. మా కార్యాలయంలో బీమా కాగితాలు చూసి చూసి విసిగిన నాకు ఈ ఏర్పాటు ఎంతో ముచ్చటగా తోచింది.

ఇదే పద్ధతిలో నాటకశాల కూడా కట్టుకున్నారు. ఊళ్లోని కుటుంబాలు డబ్బు వేసుకుని తలా ఒక బాల్కనీ గది తీసుకోగా 1876లో అది తెరుచుకుంది. తరవాత దశాబ్దాల పాటు మూతపడి, 2016లో మళ్లీ తెరిచారు. ఇంత సంపద ఎలా పోయిందని అడుగుతారేమో. ఆవిరి ఓడలు వచ్చాయి, చెక్క ఓడల కాలం అయిపోయింది, అంతే. మన కోరంగి రేవును 1839 తుపాను దెబ్బతీసింది, దీన్ని బొగ్గు పొగ మాపింది.

ఊరి వెనక బొస్కెత్తో అనే మేరీమాత గుడి ఉంది. 1518లో అక్కడి తోపులో ఒక బాలికకు అమ్మ కనిపించిందని వీరి నమ్మకం. అక్కడి గోడల నిండా ఓడల బొమ్మలు ఉన్నాయి. నడిసముద్రంలో తుపానుకు చిక్కిన నావికుడు బతికి బయటపడితే బొమ్మ వేయిస్తానని మొక్కుకుంటాడు. తిరిగివచ్చాక చిత్రకారుణ్ణి పిలిచి తన ఓడ, ఆ కెరటాలు, విరిగిన తెరచాప కొయ్య అన్నీ వేయించి గుడికి సమర్పిస్తాడు. మొక్కుబడి అనే మాటకు నేను మీ అత్తకు అర్థం చెప్పనక్కరలేకపోయింది.

తిరిగి రానివారూ ఉన్నారు. 1892లో ‘ఇటాలియా’ అనే ఓడ బొగ్గుతో దక్షిణాఫ్రికా వైపు వెళుతుండగా సరుకుకు నిప్పంటుకుంది. చేసేది లేక దక్షిణ అట్లాంటిక్ నడుమనున్న ట్రిస్టన్ డా కూన్యా అనే ఒంటరి ద్వీపానికి దాన్ని తోలారు. ప్రాణాలతో బయటపడ్డ వాళ్లలో ఈ ఊరివాళ్లయిన రెపెత్తో, లవరెల్లో అనే ఇద్దరు అక్కడే పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారు. ఆ ద్వీపంలో ఈనాటికీ ఉండేది రెండున్నర వందల మంది లోపే. వాళ్ల మధ్య నడిచే కొద్దిపాటి ఇంటిపేర్లలో ఈ రెండూ ఉన్నాయి. మీ భూగోళం మీద ఆఫ్రికాకూ దక్షిణ అమెరికాకూ మధ్య ఆ చుక్కను వెతకండి, భూతద్దం కావలసివస్తుంది.

రెండో రోజు పడవెక్కి కొండ చుట్టూ తిరిగి సాన్ ఫ్రుత్తువోసో వెళ్లాము. అక్కడికి బండి దారి లేదు, పడవలో పోవాలి లేదా కొండ మీద నడవాలి. చిన్న అఖాతం మొగలో వెయ్యేళ్ల నాటి మఠం, దానిలో జెనోవాను ఏలిన డోరియా వంశీకుల సమాధులు ఉన్నాయి. ఆ గొప్పవాళ్ల నడుమ మరియా అవేన్యో అనే జాలరి ఇల్లాలు కూడా ఉంది. 1855 ఏప్రిల్‌లో క్రిమియా యుద్ధానికి సైనికులను తీసుకువెళుతున్న ‘క్రీసస్’ అనే ఆవిరి ఓడ ఈ తీరం దగ్గర తగలబడితే, ఆమె తన అక్కచెల్లెలితో కలిసి చిన్న పడవ వేసుకుని వెళ్లి కొందరిని ఒడ్డుకు చేర్చింది. భయంతో మరికొందరు ఒక్కసారిగా పడవను పట్టుకోవడంతో అది తిరగబడి, ఆమె మునిగిపోయింది. దొరల సమాధుల మధ్య ఆమెకు చోటిచ్చారు. ఆ అఖాతం అడుగున, 17 మీటర్ల లోతులో, 1954లో నిలిపిన కంచు క్రీస్తు విగ్రహం రెండు చేతులూ పైకెత్తి ఉంటుందట. యుద్ధ పతకాలు, ఓడల గంటలు కరిగించి దాన్ని పోతపోశారు. నీళ్లలో దిగేవాళ్లే చూడగలరు. నేను పడవ అంచు మీద నుంచి వంగి చూస్తే మీ అత్త చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

కొండ మీది సాన్ రోక్కో పల్లెలో ప్రతి ఆగస్టు 16న విశ్వాసం చూపిన కుక్కలకు బహుమతులు ఇస్తారు. ఇది మన చిన్నవాడి కోసం రాశాను. ఇక కమోల్యి ఊరి మొగదల గోడకు వేలాడే పాత మూకుళ్లను చూస్తే మీ నాయనమ్మ నిర్ఘాంతపోయేది. మే నెల రెండో ఆదివారం జాలర్ల వేల్పు ఫోర్తునాతో పేరిట ఇక్కడ చేపల తిరునాళ్లు జరుగుతుంది. 1952లో మొదలైన ఈ వేడుకలో నాలుగు మీటర్ల వెడల్పు మూకుడులో చేపలు వేయించి పెడతారు. మేము తిరునాళ్లకు రాలేదు కాని నెత్తళ్లు తిన్నాము. అవును, మన నెత్తళ్ల జాతే, ఇగురు లేదు, కారం అసలే లేదు. నిమ్మరసం పిండి, ఆలివ్ నూనె పోసి ఇచ్చారు. తినగా తినగా బాగున్నాయి. ఒడ్డున ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్లే, కాళ్లకు చెప్పులు లేకపోతే నడవలేరు.

చివరగా వల సంగతి. ఊరికీ పుంతా కియాప్పా అనే కొండ ముక్కుకూ మధ్య సముద్రంలో శతాబ్దాలుగా ఒక స్థిరమైన వల కడుతున్నారు. తొన్నరెల్లా అంటారు. ఏప్రిల్‌లో వేసి సెప్టెంబరు దాకా ఉంచి, రోజుకు మూడుసార్లు పైకి లాగుతారు. ఒడ్డు వెంట వచ్చే చేప అడ్డుగా ఉన్న వల వెంబడే లోతుకు తిరిగి, చివరనున్న గదిలోకి తనంతట తానే వెళ్లిపోతుంది. ఆ వలను వీళ్లు ఏటా కొత్తగా చేతులతో అల్లేది దేనితో అనుకున్నారు? కొబ్బరి పీచుతో! కొబ్బరి చెట్టు మొలవని చోట కొబ్బరి పీచు వల. గరుకుగా ఉండే పీచుకు నాచు బాగా పడుతుంది, దాన్ని మేయడానికి చేపలు దగ్గరికి వస్తాయి. కాలం అయిపోయాక కోసి అడుగుకు వదిలేస్తే, నైలాను లాగా మిగిలిపోకుండా సముద్రంలోనే కుళ్లి కలిసిపోతుంది.

రేవు గట్టు మీద ఆ తాళ్ల చుట్టల పక్కన కూర్చున్న ముసలాయన, నేను పీచును వేళ్ల మధ్య పురి పెట్టి చూపించగానే నవ్వి, జానెడు ముక్క కోసి చేతిలో పెట్టాడు. నాకు ఆయన భాష రాదు, ఆయనకు నాది రాదు. ఆ ముక్కను ఈ కవరులోనే పెట్టాను. అటక మీద మన పాత నూతి చాంతాడు ఉండాలి. దింపి, రెండూ పక్కపక్కన పెట్టి, పురి కుడివైపు తిరిగిందో ఎడమవైపు తిరిగిందో చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య