స్ట్రైక్ జోన్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ లీగ్ మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తుంటాను. ఇక్కడి మన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లు, పిల్లల వల్ల ఈ ఆటకు అలవాటు పడ్డారు. కొత్తవాళ్ల కోసం ముందుగా ఒక మాట. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) విసిరిన బంతిని పిచ్ అంటారు. బ్యాటర్ దాన్ని ఆడకుండా వదిలేస్తే, అది స్ట్రైక్ జోన్ అనే స్థలం గుండా పోయిందో లేదో చూసి అంపైర్ స్ట్రైక్ అనో, బాల్ అనో చెబుతాడు. ఆ నిర్ణయమే కాల్. మూడు స్ట్రైక్స్ అయితే బ్యాటర్ ఔట్ (స్ట్రైకౌట్), నాలుగు బాల్స్ అయితే ఉచితంగా మొదటి బేస్‌కు వెళతాడు. ఇక ఆ తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: టీవీలో గీసే బాక్సే స్ట్రైక్ జోన్.

వాస్తవం: బాక్స్ చదునుగా ఉంటుంది, జోన్‌కు లోతు ఉంటుంది. రూల్ బుక్ ప్రకారం అది బ్యాటర్ పక్కన నేల మీద ఉండే ఐదు భుజాల పలక, అంటే హోమ్ ప్లేట్ మీద గాల్లో నిలిచిన స్థలం. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, ముందు నుంచి వెనక కొన దాకా మరో 17. కింది హద్దు మోకాలి చిప్ప కింది గుంట. పై హద్దు భుజాలకూ ప్యాంటు పై అంచుకూ సరిగ్గా మధ్య. బంతి ఆ స్థలాన్ని ఏ మూల కొంచెం తాకినా స్ట్రైకే. వంపు తిరిగి కిందికి దిగే కర్వ్ బాల్ ప్లేట్ ముందు అంచు దగ్గర మోకాలి ఎత్తులో జోన్‌ను తాకి, వెనక కూర్చునే క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) గ్లవ్‌లో పడేసరికి దాదాపు నేల దగ్గర ఉండొచ్చు. గ్లవ్ ఎక్కడుందో చూసి "అది బాల్ కదండీ!" అని అరవడంలో అర్థం లేదు. పైగా చాలా స్టేడియాల్లో టీవీ కెమెరా పిచర్‌కు సరిగ్గా వెనక కాకుండా ఓ పక్కకు ఉంటుంది. బంతి ప్లేట్‌ను ఎక్కడ దాటిందో ఆ కోణంలో కంటికి సరిగా తెలియదు.

జోన్ ఎత్తు మనిషిని బట్టి మారుతుంది కూడా. ఆరడుగుల ఏడంగుళాల బ్యాటర్ ఆరన్ జడ్జికీ, ఐదడుగుల ఆరంగుళాల బ్యాటర్ హోసే అల్టువేకీ ఒకే కొలత ఎలా సరిపోతుంది?

అపోహ: కాల్స్ మారుతున్నాయంటే అంపైర్ ఒక జట్టు వైపు ఉన్నట్టే.

వాస్తవం: గంటకు 95 మైళ్ల వేగంతో వేసిన పిచ్ సుమారు 0.4 సెకన్లలో ప్లేట్ చేరుతుంది. అయినా అమెరికాలో అగ్రశ్రేణి ప్రొఫెషనల్ పోటీ అయిన మేజర్ లీగ్ అంపైర్లు పదింట తొమ్మిదికి పైగా సరిగ్గానే చెబుతారు. తప్పులు ఎక్కువగా అంచుల దగ్గరే. ప్రతి పిచ్ దారినీ కెమెరాలతో నమోదు చేసే ట్రాకింగ్ డేటాలో బయటపడినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది కౌంట్ (అప్పటిదాకా పడిన బాల్స్, స్ట్రైక్స్ లెక్క) ప్రభావం. మూడు బాల్స్, సున్నా స్ట్రైక్స్ ఉన్నప్పుడు అంపైర్ల జోన్ పెద్దదవుతుంది. సున్నా బాల్స్, రెండు స్ట్రైక్స్ ఉంటే చిన్నదవుతుంది. ఇది రెండు జట్లకూ వర్తిస్తుంది. అంపైర్ నిలబడే చోటు కూడా ఓ కారణమే. క్యాచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య సందులోంచి చూస్తాం కాబట్టి బయటి వైపు కింది మూల మాకు దూరం.

నిజంగా దారి తప్పిన రోజులూ ఉన్నాయి. 1997 అక్టోబర్ 12న నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ ఐదో మ్యాచ్‌లో అంపైర్ ఎరిక్ గ్రెగ్ బయటి అంచు దాటి బాగా పక్కకు పోయిన బంతులకూ స్ట్రైక్ ఇచ్చారు. ఆ రోజు పిచర్ లివాన్ హెర్నాండెజ్‌కు 15 స్ట్రైకౌట్లు వచ్చాయి. అప్పుడు అభ్యంతరం చెప్పే దారే లేదు.

అపోహ: బంతి స్ట్రైక్‌లా కనిపించేలా క్యాచర్ గ్లవ్‌ను జోన్ లోపలికి లాగడం మోసం.

వాస్తవం: నిబంధనల్లో దానికి అడ్డు లేదు. అదొక నైపుణ్యం.

అపోహ: కెమెరాలు వచ్చాయి, ఇక గొడవే ఉండదు.

వాస్తవం: మేజర్ లీగ్ 2020 నుంచి వాడుతున్నది బంతి దారిని కెమెరాలతో పట్టే హాక్-ఐ. క్రికెట్ డీఆర్‌ఎస్‌తో మనకు పరిచయమైన పేరే. ఎల్బీడబ్ల్యూలో ప్యాడ్‌కు తగిలాక బంతి ఎటు వెళ్లేదో అంచనా వేయాలి. ఇక్కడ బంతి నిజంగానే ప్లేట్ దాటుతుంది కాబట్టి ఆ అంచనా అక్కర్లేదు. 2026 సీజన్ నుంచి అంపైర్ కాల్‌ను ఈ మెషీన్‌తో సరిచూడమని అడగడానికి ఒక్కో జట్టుకు రెండు ఛాలెంజ్‌లు ఇచ్చారు. గెలిస్తే ఛాలెంజ్ మిగులుతుంది. పిచర్, క్యాచర్, బ్యాటర్ మాత్రమే వెంటనే తమ తల తట్టి అడగాలి, కోచ్ అడగకూడదు.

అయితే మెషీన్ జోన్, రూల్ బుక్ జోన్ ఒకటి కాదు. ప్లేట్ మధ్యలో నిలబెట్టిన చదునైన దీర్ఘచతురస్రం మెషీన్ జోన్. పై హద్దు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కిందిది 27 శాతం. వంగి నిలబడినా మారదు. ముందు అంచును మాత్రమే తాకిన కర్వ్ బాల్ పుస్తకం ప్రకారం స్ట్రైక్, మెషీన్ ప్రకారం బాల్ కావచ్చు. కొరియా లీగ్‌లో 2024 నుంచి ప్రతి పిచ్‌నూ మెషీనే తేలుస్తోంది. అక్కడైనా, ఇక్కడైనా హద్దు ఎక్కడ గీయాలో నిర్ణయించేది మనుషులే.

మా పిల్లల మ్యాచ్‌ల్లో ఇవేవీ లేవు. కాల్ మీద వాదిస్తే నేను వినను. ఇన్నింగ్స్ మధ్యలో కోచ్ వచ్చి "కింద ఎక్కడిదాకా ఇస్తున్నారు?" అని అడిగితే మాత్రం తప్పకుండా చెబుతాను, రెండో జట్టు కోచ్‌నూ పిలిచి అదే మాట చెబుతాను.