లెక్క తేలినా తెగని పేచీ

ఏఐ కంపెనీలు రచయితలకు డబ్బు కట్టడం మొదలయ్యాక పాత పేచీ కొత్త ముఖంతో వచ్చింది. ‘మా పనిని దొంగిలించి యంత్రానికి నేర్పారన్నారు, పరిహారం ఇస్తున్నారు. ఇంకా ఏఐని వాడనని భీష్మించుకు కూర్చోవడం దేనికి?’ అన్నది ఒక పక్షం ప్రశ్న. వినడానికి సబబుగానే ఉంటుంది. కాకపోతే వాడనంటున్న చిత్రకారులకీ రచయితలకీ గొడవ డబ్బు దగ్గరే మొదలవలేదు. అది మలుపు తిరిగిన చోటు చూడాలంటే చాట్‌జీపీటీ పుట్టుక కథంతా తవ్వనక్కర్లేదు. దానికి సుమారు వారం ముందు, 2022 నవంబరులో, బొమ్మలు గీసే ఒక ఏఐ మోడల్‌లో జరిగిన మార్పు చాలు.

ఆ మోడల్ స్టేబుల్ డిఫ్యూజన్. ఆగస్టులో ఉచితంగా విడుదలైంది. కొన్ని వారాలకే గ్రెగ్ రుట్కోవ్‌స్కీ అనే పోలండ్ చిత్రకారుడి పేరు ప్రాంప్టుల్లో, అంటే ఏం గీయాలో యంత్రానికి చెప్పే మాటల్లో, ఉప్పులా పడటం మొదలైంది. డ్రాగన్లు, యుద్ధాలు, మబ్బుల్ని చీల్చుకొచ్చే వెలుగు ఆయన సొత్తు. ప్రాంప్టులు పోగేసే లెక్సికా సైట్‌లో సెప్టెంబరు నాటికే ఆయన పేరు సుమారు 93,000 సార్లు కనిపించింది. పికాసో, మైకెలాంజెలో లాంటి వాళ్ల పేర్లు తలా రెండు వేలకు అటూ ఇటూ. పేరు పెట్టి వెతికితే తాను గీయని బొమ్మల గుట్టలో తన సొంత బొమ్మలు దొరక్కుండా పోతాయన్నది రుట్కోవ్‌స్కీ మొదటి బెంగ. అందులో రాయల్టీ ఊసు లేదు.

పేరు అంతగా ఎందుకు పనిచేసిందంటే, మోడల్‌లో మాటల్ని చదివే భాగం వేరు, బొమ్మను తేల్చే భాగం వేరు. మొదటి వెర్షన్లలో మాటలు చదివేది, చాట్‌జీపీటీ తెచ్చిన ఓపెన్‌ఏఐ కంపెనీయే తయారుచేసిన క్లిప్. 40 కోట్ల బొమ్మ-వాక్యం జంటల మీద శిక్షణ పొందింది. ఆ జంటల జాబితా బయటపెట్టలేదు. ఏ పేరుకు ఏ వెలుగు, ఏ రంగు అతుక్కుంటాయో దానికి బాగా పట్టుబడింది. నవంబరులో వచ్చిన 2.0 వెర్షన్‌లో దాన్ని తీసేసి, అదే పని చేసే ఓపెన్‌క్లిప్ అనే వేరే భాగం పెట్టారు. తెల్లారేసరికి రుట్కోవ్‌స్కీ పేరు చప్పబడిపోయింది, వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. ఆయన బొమ్మల్ని ప్రత్యేకంగా ఏరి పారేసిందేమీ లేదు. మాటలు చదివే కన్ను మారింది, అంతే.

చిత్రకారుడు గెలిచాడనుకునేలోపే వాడేవాళ్లు దొడ్డిదారి కనిపెట్టారు. దాని పేరు లోరా. మొదట భాషా మోడళ్ల కోసం 2021లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. అసలు మోడల్‌ను కదపకుండా పక్కన చిన్న సవరణ ఫైలు తయారుచేస్తారు. కావలసిన చిత్రకారుడి బొమ్మలు 20, 30 దించుకుంటారు. 512 పిక్సెళ్ల చదరంగా కత్తిరించి, ఒక్కోదాని కింద అందులో ఏముందో రాసి, ప్రాంప్టులో రాయగానే ఆ శైలిని రప్పించే ఒక పిలుపుమాట తగిలిస్తారు. వెయ్యి నుంచి మూడు వేల అడుగుల శిక్షణ సరిపోతుంది; అడుగంటే ఫైలును ఒకసారి కాస్త దిద్దడం. గేమ్స్ ఆడుకునే మామూలు గ్రాఫిక్స్ కార్డు మీద గంటా రెండు గంటల పని. బొమ్మలు మరీ తక్కువైతే శైలితో పాటు వాటిలోని ముఖాలూ భంగిమలూ అచ్చుగుద్దినట్టు దిగిపోతాయి. అలా దిగితే అడుగులు తగ్గించి మళ్లీ చేస్తారు. అసలు మోడల్ రెండు నుంచి నాలుగు జీబీలైతే ఈ ఫైలు కొన్ని పదుల ఎంబీలు, మహా అయితే రెండొందలకు దగ్గర. 2023లో రుట్కోవ్‌స్కీ శైలికీ ఒక లోరా వచ్చేసింది.

ఇక ఆ తర్వాత ‘నా బొమ్మలు తీసెయ్యండి’ అని ఎవరిని అడగాలి? కంపెనీ తీసేసినా పక్కింటివాడు చేర్చుకుంటాడు. 2023 మార్చిలో షికాగో యూనివర్సిటీ వాళ్లు గ్లేజ్ తెచ్చారు. కంటికి పెద్దగా ఆనని మార్పులు పిక్సెళ్లలో చల్లి, శైలిని మోడల్ తప్పుగా నేర్చుకునేలా చేస్తుంది. కానీ నునుపైన లేత రంగుల మీద ఆ చల్లినది మరకలా బయటపడుతుంది. పైగా పదేళ్లుగా నెట్‌లో పెట్టిన పాత బొమ్మలు ఎప్పుడో చేతులు మారిపోయాయి. బొమ్మను వెనక్కి తెచ్చుకునే దారి మూసుకుపోయాక చిత్రకారుడి చేతిలో మిగిలింది ఒక్కటే: తన పనిలోకి ఏఐని రానివ్వకపోవడం. అనుమతి గురించిన అభ్యంతరం అలవాటు గురించిన అభ్యంతరంగా మారింది అప్పుడే.

రాసేవాళ్ల వైపు 2023 ఫిబ్రవరిలో వరసగా రెండు రోజులు గుర్తుంచుకోదగ్గవి. 20న సైన్స్ ఫిక్షన్ పత్రిక క్లార్క్స్‌వరల్డ్ కథలు తీసుకోవడం ఆపేసింది. ఆ నెలలో అప్పటికి నిజమైన కథలు సుమారు 700 వస్తే, యంత్రం రాసినవి సుమారు 500. మరో పత్రిక అసిమోవ్స్‌కు ‘ది లాస్ట్ హోప్’ అనే ఒకే పేరుతో 20కి పైగా కథలు చేరాయి. ఎక్కువమంది ఒప్పుకునే మాటను ముందుకు తోసే యంత్రం, అడిగినవాడు మారినా అదే మాట తోసింది. మొదటి ఊహ తనదే అయివుండాలని పట్టుబట్టే రచయిత భయం సరిగ్గా ఇదే. మర్నాడు, 21న, అమెరికా కాపీరైట్ ఆఫీసు ఒక కామిక్ పుస్తకంలో రాసిన మాటలకూ పేజీల కూర్పుకూ హక్కు ఉంచి, మిడ్‌జర్నీ అనే ఏఐ పనిముట్టు గీసిన బొమ్మలకు తీసేసింది. ప్రాంప్టు రాసినవారికి, వచ్చే బొమ్మ మీద చాలినంత అదుపు లేదన్నది కారణం.

వాడనని చెప్పే హక్కు కాగితం మీదికెక్కింది హాలీవుడ్‌లో. 148 రోజుల సమ్మె 2023 సెప్టెంబరు 27న ముగిశాక రచయితల సంఘం తెచ్చుకున్న ఒప్పందంలో, ఏఐ వాడమని కంపెనీ రచయితను బలవంతపెట్టకూడదని ఉంది. రచయిత తనంత తాను వాడాలంటే కంపెనీ ఒప్పుకోవాలి. యంత్రం రాసినదాన్ని ఇచ్చి తిరగరాయమంటే ఆ సంగతి ముందే చెప్పాలి. పారితోషికం అంకెల మధ్య ఈ షరతును చాలామంది గమనించలేదు. ఇవాళ్టి వాదానికి మాత్రం అన్నిటికన్నా దగ్గరిది ఇదే.

వాడేవాళ్ల పక్షానా మాట ఉంది. చెయ్యి స్వాధీనంలో లేనివాళ్లకు, రెండో భాషలో రాసేవాళ్లకు ఇది ఊతం. ఫొటో వచ్చినప్పుడూ ఇలాగే అన్నారనేది వాళ్లు తరచూ చెప్పే పోలిక.

వాడనివాళ్లకు ఇంకో తలనొప్పి, వాడలేదని నిరూపించుకోవడం. ఓపెన్‌ఏఐ సొంత గుర్తింపు పనిముట్టే యంత్రం రాతలో 26 శాతాన్నే పట్టుకుని, మనుషులు రాసినదాంట్లో 9 శాతాన్ని యంత్రానిదనేది. 2023 జులైలో దాన్ని ఎత్తేశారు. అందుకే చిత్తుప్రతులు తేదీలతో సహా దాచాలి. బొమ్మలైతే లేయర్లు (ఒకదాని మీద ఒకటి గీసిన పొరలు) కలిపేయని ఫైలు, గీస్తుండగా తీసిన రికార్డింగు. చివరి ఫైలొక్కటే చూపిస్తే ఎవరూ నమ్మరు.

పేచీ మళ్లీ రాజుకోవడానికి నిప్పు 2025 సెప్టెంబరు నాటి సెటిల్‌మెంట్. దొంగ సైట్ల నుంచి దించుకున్న పుస్తకాలకు ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ 150 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. సుమారు 5 లక్షల పుస్తకాలు, ఒక్కోదానికి సుమారు 3,000 డాలర్లు. శిక్షణకు వాడటం న్యాయమైన వాడుకేనని (ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడుక) జడ్జి అదే ఏడు జూన్‌లో చెప్పారు. తప్పు పట్టింది దొంగ కాపీలు పోగేసి ఉంచుకోవడాన్ని. జాబితాకెక్కాలంటే పుస్తకానికి గుర్తింపు సంఖ్య, గడువులోపు కాపీరైట్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇది జరిగిపోయినదానికే వర్తిస్తుంది. ముందుముందు శిక్షణకు ఇది లైసెన్సు కాదు, మోడల్ బయటికి ఇచ్చే రాతల మీద దావాలు ఇందులోకి రావు.