గొప్ప సేనాని ఎవరు సార్? హిస్టరీ క్లాసులో రోజూ తగిలే అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు హిస్టరీ చెప్పుకుని బతికే మనిషిని నేను. సిలబస్‌లో ఏ చాప్టర్ నడుస్తా ఉన్నా సరే వెనక బెంచీలో ఒకడు లేస్తాడు, "సార్, ప్రపంచంలో అందరికంటే గొప్ప కమాండర్ ఎవరు సార్" అంటాడు, ఇంక ఆ పీరియడ్ పోయినట్టే. అలెగ్జాండర్ బ్యాచ్ ఒకటి, నెపోలియన్ బ్యాచ్ ఒకటి, ఈ మధ్య రీల్స్ చూసి తయారైన మరాఠా పేష్వా బాజీరావు బ్యాచ్ ఇంకొకటి. స్టాఫ్ రూములో మేమేం తక్కువ తినలేదులెండి, టీ చల్లారిపోయేదాకా ఇదే గొడవ. నాకీ గొడవంటే ఇష్టమే, కాకపోతే ఆ సంగతి యాడ రాసుంది, ఎవరు రాసినారు, ఎప్పుడు రాసినారు అని ఒక్కడూ అడగడు. అందుకే రోజూ చెవిన పడేవి కొన్ని ఇక్కడ పెడతా ఉన్నా.

అపోహ: ఒక్క యుద్ధం కూడా ఓడనోడే నంబర్ వన్.

వాస్తవం: పదకొండో నంబర్ బ్యాట్స్‌మన్ ఎన్నిసార్లు నాటౌట్‌గా మిగిలినా వాడిని సచిన్ అనం కదా. ఎవరి మీద ఆడినాడు, ఏ పరిస్థితిలో ఆడినాడు అన్నది చూడాల. బాజీరావు సంగతే తీసుకోండి, ఆయన గొప్పోడు కాదని నేను అనను, కానీ రీల్స్‌లో చెప్పే "ఇన్ని యుద్ధాలు, అన్నీ గెలుపే" అన్న లెక్కలో చిన్న కొట్లాటా ఒకటే, పెద్ద దండయాత్రా ఒకటే. ఆయన పనితనం తెలియాలంటే 1728 పాల్ఖేడ్ చూడాల. అక్కడ చెప్పుకోదగ్గ పెద్ద యుద్ధమే జరగలేదు! నిజాం దగ్గర బరువైన ఫిరంగులు ఉన్నాయి, ఎదురుబడితే నష్టం, అందుకని బాజీరావు గుర్రాలతో ఊరూరా తిప్పి తిప్పి అలిసిపోయేట్టు చేసి, చివరికి నీళ్లు కూడా దొరకని చోట చుట్టుముట్టి కూర్చున్నాడు, నిజాం ముంగి శేవ్‌గావ్‌లో సంధి మీద సంతకం పెట్టినాడు. గెలుపోటముల టేబుల్‌లో ఇది ఒక అంకె, అంతే. అదే రోమన్ల మీద పోరాడిన కార్తేజ్ సేనాని హన్నిబాల్ క్రీ.పూ. 202లో జామా దగ్గర ఓడిపోయినాడు, అయినా 2,200 ఏళ్లు దాటినా ఆఫీసర్లు చదివేది ఆయన గెలిచిన కన్నే యుద్ధాన్నే.

అపోహ: హన్నిబాల్ ఏనుగులతో రోమన్లను తొక్కించినాడు.

వాస్తవం: కన్నే మైదానంలో ఆయన దగ్గర ఒక్క ఏనుగు కూడా లేదు. 37 ఏనుగులతో బయల్దేరి ఆల్ప్స్ దాటినాడు, తర్వాత వచ్చిన చలికాలానికి దాదాపు అన్నీ పోయినాయి. ఎక్కువ ఏనుగులు దింపింది జామాలో, 80 దాకా అంటాడు గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్, అక్కడే ఓడిపోయినాడు. రోమన్ సేనాని సిపియో తన దళాల మధ్యలో సందులు వదిలిపెట్టినాడు, వచ్చిన ఏనుగుల్లో చాలా వరకు ఆ సందుల్లోంచే దళాల వెనకవైపుకు పోయినాయి.

అపోహ: అసలు గెలిచింది పురుషోత్తముడే, అలెగ్జాండర్ ఓడిపోయి పారిపోయినాడు, తెల్లోళ్లు దాచిపెట్టినారు.

వాస్తవం: ఇది చెప్పేటప్పుడు పిల్లలు నన్ను దేశద్రోహిని చూసినట్టు చూస్తారు. ఏం చేసేది? క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున జరిగిన ఆ యుద్ధం గురించి మన వైపు నుంచి ఆ కాలంలో రాసింది ఒక్క ముక్క కూడా మిగల్లేదు, ఉన్నవన్నీ గ్రీకు, రోమన్ రచనలే, అవి కూడా ఎంతో కాలం తర్వాతవి, అందరూ నమ్మే ఆరియన్ అయితే నాలుగు వందల ఏళ్లు దాటినాక రాసినాడు. వాటిని అనుమానించాల్సిందే, నేనూ అనుమానిస్తాను. కానీ అనుమానం వేరు, ఆధారం లేకుండా తీర్పు తిప్పేయడం వేరు. వాన కురిసే రాత్రి, పోరస్, అంటే మన పురుషోత్తముడు, కాపలా ఉన్న రేవు వదిలిపెట్టి ఎగువన దూరంగా పోయి నది దాటడం, ఈ వైపు మంటలు, అరుపులతో అసలు సైన్యం ఇక్కడే ఉందని నమ్మించడం, ఇవన్నీ చదివితే అలెగ్జాండర్ బుర్ర అర్థమవుతుంది. ఆ తర్వాత బియాస్ దగ్గర సైన్యం మొండికేసి ఇంక ముందుకు రాము అనింది, అదీ నిజమే. సొంత మనుషులను ఎంతవరకు లాక్కుపోగలడో తెలుసుకోలేకపోయినాడు అని మార్కులు కొయ్యండి, నాకేం అభ్యంతరం లేదు.

అపోహ: నెపోలియన్ పొట్టోడు, రష్యాలో ఆయన్ని ఓడించింది మంచు.

వాస్తవం: పొట్టి సంగతి ముందు తేల్చేస్తా, పాత ఫ్రెంచి కొలతలో 5 అడుగుల 2 అంగుళాలంటే మన లెక్కలో సుమారు 168 సెంటీమీటర్లు, ఆ కాలపు ఫ్రెంచోళ్లలో మామూలు ఎత్తు. మంచు సంగతికి వస్తే, మినార్ అనే ఫ్రెంచి ఇంజినీరు 1869లో గీసిన బొమ్మ ఒకటుంది, నేను ప్రతి ఏడాదీ బోర్డు మీద గీస్తాను. పోయేటప్పుడు సైన్యం ఎంతుందో లావు పట్టీ, వచ్చేటప్పుడు ఎంత మిగిలిందో సన్నగీత. 1812 జూన్‌లో నీమన్ నది దాటింది 4,22,000 మంది, సెప్టెంబరులో మాస్కో చేరింది లక్ష. మరి ఆ మూడు లక్షల పైచిలుకు ఏమైనారు? కొందరు దారిలో కాపలాకి, పక్క దళాలకి పోయినారనుకోండి, మిగతావాళ్లను మండే ఎండ, ఆకలి, విరేచనాలు, టైఫస్, పారిపోవడం, మధ్యలో బొరోడినో లాంటి యుద్ధాలు తినేసినాయి. మంచు ఇంకా పడనే లేదు! బండ్లు ఆ మట్టిరోడ్ల మీద సైన్యం వేగానికి రాలేకపోయినాయి, గుర్రాలకు మేత లేదు. చలి వచ్చింది మిగిలినోళ్ల మీదికి. ఆస్టర్లిట్జ్‌లో అంత అందంగా గెలిచిన మనిషే సప్లై లెక్క దగ్గర తప్పినాడు, అందుకే నేను ఆయన్ని టాప్‌లో పెట్టను, స్టాఫ్ రూములో ఈ మాటకే నాకు టీ ఇప్పించడం మానేసినారు కొందరు.

అపోహ: కృష్ణదేవరాయలు ఏడు లక్షల సైన్యంతో పోయి రాయచూరు కొట్టినాడు.

వాస్తవం: ఈ అంకె నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసింది. 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. యుద్ధం 1520లో, ఆయన రాసింది సుమారు 1535లో. మనిషికి రోజుకు అర కిలో బియ్యం వేసుకున్నా 350 టన్నులు అవుతుంది, అదీ ఎండాకాలంలో, గుర్రాలు, ఏనుగుల మేత, నీళ్లు కాకుండా. నేను క్లాసులో ఈ లెక్క వేయించి ఊరుకుంటాను, నమ్మాలా వద్దా వాళ్లే తేల్చుకుంటారు.

అంకె తగ్గితే రాయలు తగ్గిపోతాడని మనోళ్లకు భయం. ఎందుకు తగ్గుతాడప్పా? అదే నూనిజ్ రాసింది చదవండి. బిజాపూర్ సుల్తాను ఆదిల్ షా ఫిరంగులు ఒక్కసారిగా పేలేసరికి రాయల ముందు వరస చెదిరిపోయి జనం వెనక్కి ఉరుకుతా ఉంటే, ఈయన వేలి ఉంగరం తీసి ఒక సేవకుడి చేతికిచ్చి, నేను చచ్చిపోతే రాణులకు చూపించమని చెప్పి, గుర్రమెక్కి, మిగిలిన దళాలన్నిటితో ముందుకు కదిలినాడు. అవతలోళ్లు కృష్ణా నది వైపు పరిగెత్తినారు. ఇక కోట పట్టుకునేటప్పుడు క్రిస్టోవావ్ డి ఫిగెరెడో అనే పోర్చుగీసు ఆయన తుపాకీ మనుషులు గోడ మీద తల ఎత్తినోణ్ని ఎత్తినట్టు కొడతా ఉంటే కింద రాయల మనుషులు గోడ తవ్వినారు, దాన్నీ దాచాల్సిన పనిలేదు, పనికొచ్చే మనిషిని పనిలో పెట్టుకోవడం కూడా సేనాని పనే.

నన్నడిగితే రాయచూరు కంటే ఉదయగిరే గొప్ప. గజపతుల కోట, నెల్లూరు వైపు కొండ మీద, దాదాపు ఏడాదిన్నర ముట్టడి, బండలు కొట్టించి దారులు వేయించుకుని మరీ ఎక్కినాడు. 1514లో అది పడినాక తిరుమలకొచ్చి స్వామికి ఇచ్చిన కానుకల సంగతి కొండ మీద శాసనాల్లో ఉంది. గుళ్లోకి పోతా ఉంటే ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడిన ఆయన విగ్రహం కనబడుతుంది కదా, క్యూలో తోపులాటలో ఎవరూ సరిగ్గా చూడరు అనుకోండి.

అపోహ: పొల్లిలూరులో ఇంగ్లీషోళ్లను టిప్పు రాకెట్లే ఓడించినాయి.

వాస్తవం: ఇది మన పక్కూరి యుద్ధం, కాంచీపురం దగ్గర, 1780 సెప్టెంబరు 10. రాకెట్లు ఉన్నాయి, ఇనప గొట్టాలవి, భయపెట్టినాయి, అన్నీ నిజమే. కానీ కథ రెండు వారాల ముందే మొదలైంది. ఇంగ్లీషు కంపెనీ దళంతో కల్నల్ బెయిలీ గుంటూరు వైపు నుంచి దిగి వస్తా, ఆగస్టు 25న కుశస్థలి ఏరు ఒడ్డుకు చేరినాడు, మన నగరి ఏరు పోయి కలిసేది దాంట్లోనే. ఆ రోజు నీళ్లు తక్కువ, దాటేయొచ్చు. దాటకుండా ఇవతలే గుడారాలు వేసినాడు. రాత్రికి వరద వచ్చింది, వారం పైన అక్కడే కూర్చోబెట్టింది. మన పక్క ఏర్ల సంగతి తెలిసినోడెవడైనా ఆ పని చేస్తాడా?

ఈలోగా హైదర్ అలీకి వేగులోళ్ల ద్వారా ఈయన కదలికలన్నీ తెలుస్తానే ఉన్నాయి. 6వ తేదీన పెరంబాకం దగ్గర టిప్పు అడ్డుపడినాడు. బెయిలీ సాయానికి రమ్మని ఇంగ్లీషోళ్ల పెద్ద సైన్యంతో ఉన్న జనరల్ హెక్టర్ మన్రోకి (మన థామస్ మన్రో కాదు) రాసినాడు, మన్రో కంచిలో ఉన్నాడు, ఒక్క రోజు నడక కూడా లేదు, కానీ సరుకంతా గుళ్లో నిలవ పెట్టినాడు, దాన్ని వదిలి కదల్లేక ఫ్లెచర్ అనే ఆయనతో వెయ్యి మందిని పంపించి ఊరుకున్నాడు. 9వ తేదీ రాత్రి బెయిలీ నడక మొదలుపెట్టి, మధ్యలో మళ్లీ ఆగినాడు. తెల్లారేసరికి మన్రో ఎదుట ఉన్న హైదర్ సైన్యం అక్కడ లేదు, మొత్తం వచ్చి బెయిలీ చుట్టూ ఉంది. బెయిలీ మందుగుండు బండ్లు పేలిపోయినాయి, అవి రాకెట్ తగిలి పేలినాయా ఫిరంగి గుండు తగిలి పేలినాయా అన్న దగ్గర కథనాలు కలవవు. అయిపోయింది. మన్రో పెద్ద ఫిరంగులను కంచిలో చెరువులో పడేసి వెనక్కి పోయినాడు.

శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఈ యుద్ధం బొమ్మ ఉంది, పల్లకీలో బెయిలీ వేలు కొరుక్కుంటా కూర్చుని ఉంటాడు, పైన బండి పేలతా ఉంటుంది. పోయినోళ్లు ఆ వేలు చూడండి, గీసినోడి ఎగతాళి అక్కడుంది. కానీ అది గెలిచినోళ్ల బొమ్మ, మన్రో తప్పులు అందులో కనపడవు. ఆ మరుసటి ఏడాదే పోర్టో నోవోలో, షోలింగర్‌లో ఇదే హైదర్‌ను ఇంగ్లీషు జనరల్ ఐర్ కూట్ ఓడించినాడు. అప్పుడూ రాకెట్లు ఉన్నాయి కదా?

హైదర్ గురించి ఇంకొక్క మాట. 1782 డిసెంబరు 7న ఆయన చచ్చిపోయింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో. కొడుకు మలబారులో ఉన్నాడు. పూర్ణయ్య, కృష్ణారావు లాంటి హైదర్ అధికారులు చావు సంగతి బయటికి పొక్కకుండా, టిప్పు వచ్చేదాకా సైన్యాన్ని చెదరకుండా పట్టుకున్నారు. ఈ పాయింట్ ఏ ర్యాంకింగ్ లిస్టులోనూ చూడలేదు నేను. అలెగ్జాండర్ పోయినాక ఆయన జనరల్స్ రాజ్యం కోసం కొట్టుకుని ముక్కలు చేసిన పని పక్కన పెట్టి చూసుకోండి.

అపోహ: కంప్యూటర్ లెక్క తేల్చేసింది, నెపోలియనే ఫస్ట్.

వాస్తవం: 2017లో ఒక అమెరికన్ బేస్‌బాల్ లెక్కల పద్ధతి పట్టుకుని సేనానులకు పాయింట్లు వేసినాడు, నెపోలియన్ చాలా పైన వచ్చినాడు. డేటా ఇంగ్లీషు వికీపీడియాది. అందులో ఎక్కువ యుద్ధాలు రాసి ఉన్నోడికి ఎక్కువ పాయింట్లు వచ్చే అవకాశం. మన దామలచెరువు కనుమ దగ్గర 1740 మే 20న ఆర్కాటు నవాబు దోస్త్ అలీ కనుమ దారికి అడ్డం కూర్చుంటే, రఘోజీ భోంస్లే మరాఠాలు ఇంకో దారిన వెనక నుంచి వచ్చి ఆయన్నీ ఆయన కొడుకునీ చంపేసినారు. ఆర్కాటు రాజ్యం రాజకీయమంతా తిరగబడింది. రఘోజీ పేరు ఏ లిస్టులో ఉంది చెప్పండి? దామలచెరువు అంటే మనకు మామిడికాయల మండీలే గుర్తొస్తాయి.

"సరే సార్, మీ ఓటు ఎవరికి" అంటారు ఎట్లాగూ. సుబుతాయ్‌కి. చెంఘిజ్ ఖాన్ దగ్గర పనిచేసిన మంగోలు సేనాని, రాజవంశం కాదు. 1241 ఏప్రిల్‌లో పోలండ్‌లో లెగ్నిట్జ్ 9న, హంగరీలో మోహి 11న, వందల కిలోమీటర్ల దూరంలో, రెండు రోజుల తేడాలో రెండు మంగోలు సైన్యాలు గెలిచినాయి, ఆ దండయాత్ర ప్లాన్ ఆయనది, వయసు అరవై దాటింది అప్పటికే. ఫోన్లు లేవు, వైర్‌లెస్ లేదు. కాదనేవాళ్లు కామెంట్ పెట్టండి, పేరు ఒక్కటే రాస్తే ఒప్పుకోను, ఏ యుద్ధం, ఎవరు రాసిన ఆధారం, రెండూ రాయాల.